శుక్రవారం పొద్దున చంటిపిల్లల షబ్బాత్‌కి పిలిచారు, వెళ్లనా?

ప్రశ్న: నమస్కారమండీ. మాది గుంటూరు. పెళ్లయ్యాక న్యూజెర్సీ వచ్చి ఎడిసన్‌లో ఉంటున్నాం. మా పాపకు పది నెలలు. లైబ్రరీలో పసిపిల్లలకు కథలు చెప్పే రోజున తీసుకెళ్తుంటే, పక్కనే ఉన్న హైలాండ్ పార్క్ నుంచి వచ్చే ఒక యూదు అమ్మాయితో స్నేహం కుదిరింది. తన బాబుదీ మా పాప ఈడే. వాళ్ల ప్రార్థనా మందిరం, సినగాగ్ అంటారు, అందులో ప్రతి శుక్రవారం పొద్దున తల్లులూ తండ్రులూ పసిపిల్లలతో కలిసి షబ్బాత్ జరుపుకుంటారట. "నువ్వూ రా, పాటలు పాడి రొట్టె తింటాం" అంది. నాకు వెళ్లాలని ఉంది. మా అత్తగారు వచ్చే నెల ఇండియా వెళ్లిపోతే పగలంతా నేనూ పాపే. కానీ ఆవిడకి ఇష్టం లేదు. "వాళ్ల మతంలో కలిపేసుకుంటారేమో! యూదులంటే ఎవరో కూడా మనకు తెలీదు. మన శ్లోకం ఒక్కటి రాని పిల్లకి వాళ్ల ప్రార్థనలెందుకు?" అంటున్నారు. మేం గుడ్డు కూడా తినం. పాప మెడలో మా అమ్మ చేయించిన స్వస్తిక్ లాకెట్ ఉంటుంది, అది వేసుకుని వెళ్లొచ్చా? ఉత్త చేతులతో వెళ్లడం బాగోదని పులిహోర చేసుకెళ్దామనుకుంటున్నాను. సలహా చెప్పండి.

జవాబు: వెళ్లండమ్మా. ఈ శుక్రవారమే వెళ్లండి. పులిహోర మాత్రం వద్దు, లాకెట్ ఇంట్లో ఉంచండి, మీ అత్తగారిని వీలైతే వెంటబెట్టుకెళ్లండి. నేను చాలా ఏళ్లు ఇక్కడ ఒక యూదు కమ్యూనిటీ సెంటర్ వాళ్ల పిల్లల బడిలో పనిచేశాను. శుక్రవారం పొద్దున ఆ గదుల్లో ఏం జరుగుతుందో దగ్గరగా చూసినదాన్ని కాబట్టి ధైర్యంగా చెప్తున్నాను.

షబ్బాత్ అంటే వాళ్ల వారానికోసారి వచ్చే విశ్రాంతి దినం. శుక్రవారం సూర్యాస్తమయంతో మొదలై, శనివారం రాత్రి ఆకాశంలో మూడు నక్షత్రాలు కనబడే వేళకు ముగుస్తుంది. ఆ మధ్యలో నిష్ఠగా పాటించేవాళ్లు పొయ్యి వెలిగించరు, కారు నడపరు, డబ్బు ముట్టుకోరు, రాయరు, ఫోన్ తియ్యరు. చేయకూడని పనులు ముప్పై తొమ్మిది రకాలని వాళ్ల శాస్త్రం లెక్క కట్టింది. మిమ్మల్ని పిలిచింది శుక్రవారం పొద్దున కాబట్టి అప్పటికింకా షబ్బాత్ రాదు. చంటిపిల్లలకు సాయంత్రం నిద్రవేళ, శనివారం ప్రార్థనలేమో చాలా పొడుగు. అందుకని సాయంత్రం ఇంట్లో జరగబోయేదాన్ని పొద్దున్నే పిల్లల ఈడుకు తగ్గట్టు పాటల్లో చేసి చూపిస్తారు.

అందరూ చాపల మీద గుండ్రంగా కూర్చుంటారు. ఒక్కో పాప పేరూ కలిపి పలకరింపు పాట పాడతారు. మీ పాప పేరు వాళ్లకు నోరు తిరగకపోతే రెండుసార్లు నిదానంగా చెప్పండి, పట్టుదలగా నేర్చుకుంటారు. తర్వాత దానాల డబ్బా ఒకటి చేతులు మారుతూ వస్తుంది. షబ్బాత్ వచ్చాక డబ్బు ముట్టుకోరు కాబట్టి ముందే బీదసాదలకని నాణెం వేయడం వాళ్ల అలవాటు. ఒక క్వార్టర్, అంటే పావు డాలరు నాణెం, దగ్గర పెట్టుకోండి, పాప చెయ్యి మీరు పట్టుకుని వేయించండి, లేకపోతే అది తిన్నగా నోట్లోకి పోతుంది. ఆ తర్వాత కొవ్వొత్తులు. పిల్లల గదుల్లో చాలా చోట్ల గుడ్డవో చెక్కవో బొమ్మ కొవ్వొత్తులు వాడతారు. అసలు దీపం సాయంత్రం ఇంట్లోనే, సూర్యాస్తమయానికి 18 నిమిషాల ముందు వెలిగిస్తారు. వెలిగించిన ఆవిడ చేతులతో మూడుసార్లు వెలుగును తనవైపు లాక్కున్నట్టు ఊపి, కళ్లు మూసుకుని మంత్రం చెప్తుంది. మంత్రం పలికితే షబ్బాత్ వచ్చేసినట్టే, ఆ తర్వాత నిప్పు ముట్టించకూడదు. అందుకని ముందు వెలిగించి, కళ్లు మూసుకుని, మంత్రం అయ్యాకే ఆ వెలుగును చూస్తారు. గదిలో తల్లులందరూ ఒక్కసారి కళ్లు మూసుకుని తెరిస్తే పసివాళ్లకు అది దాగుడుమూతల ఆట, పకపకా నవ్వుతారు. ఆపైన చిన్న చిన్న కప్పుల్లో ద్రాక్షరసం, గుడ్డ కప్పి ఉంచిన జడ అల్లిక రొట్టె. ఇంట్లో అయితే రెండు రొట్టెలు పెడతారు, ఎడారిలో వాళ్ల పూర్వీకుల కోసం ఆకాశం నుంచి కురిసిన మన్నా అనే ఆహారం శుక్రవారాలు రెండింతలు కురిసిందన్న కథకు గుర్తుగా. చివర్లో బుడగలు ఊదడం, గుడ్డతో చేసిన ధర్మగ్రంథపు చుట్టలను హత్తుకుని గది చుట్టూ తిరగడం. ముప్పావు గంటలో అంతా అయిపోతుంది, ఆ తర్వాత తల్లులు అక్కడే కూలబడి మాట్లాడుకుంటారు. మీకు కావలసింది ఆ మాటలే అనుకుంటాను. వెంటనే లేచి వచ్చేయకండి.

ఇక మీ అత్తగారి విషయం. ఆవిడ అడిగినవన్నీ న్యాయమైన ప్రశ్నలే, చాదస్తం అని కొట్టిపారేయకండి. మతం మార్చేస్తారన్న భయం మాత్రం అక్కర్లేదు. యూదులు తమ మతంలోకి రమ్మని ఎవరినీ పిలవరు. తనంతట తాను వచ్చి చేరతానన్నవాళ్లను కూడా రబ్బీ, అంటే వాళ్ల మతగురువు, మొదట వెనక్కి పంపాలనే చూడాలన్నది పాత సంప్రదాయం. ఆ తర్వాత కూడా సుదీర్ఘమైన చదువుంటుంది, మతపెద్దల ముందు నిలబడాల్సి ఉంటుంది. మీ పాపను కలిపేసుకునే ఆలోచన అక్కడ ఎవరికీ రాదు.

నిజానికి చూసుకోవలసింది దీనికి తిరగేసి ఉంది. ఇలాంటి బృందాలు చాలావరకు తమ పిల్లలను యూదులుగా పెంచుకోవడానికే పెట్టుకున్నవి. జనాభాలో చాలా తక్కువమంది వాళ్లు, ఆ పాటలూ ఆచారాలూ ఇళ్లలో నిలబడాలని ఎంతో శ్రద్ధతో నడుపుకుంటారు. అందుకని మీ స్నేహితురాలిని ఒక మాట అడగండి: "మేం హిందువులం, ఆ బృందం నడిపే ఆవిడకి మేం వస్తున్నట్టు తెలుసా? అభ్యంతరం లేదా?" చాలా చోట్ల సంతోషంగా రమ్మంటారు. ఎక్కడైనా ఇది మా కుటుంబాలకే అంటే నొచ్చుకోకండి, పార్కులో కలుసుకోండి. అలాగే అక్కడ ఫారాలేవైనా పెడితే ఆగి చదవండి. ఉదాహరణకు పీజే లైబ్రరీ అని 2005లో మసాచుసెట్స్‌లో మొదలైన పథకం ఒకటుంది, యూదు కుటుంబాల పిల్లలకు ఇంటికి ఉచితంగా పుస్తకాలు పంపుతుంది. అది ఎవరి కోసం పెట్టారో వాళ్లకే ఉండనివ్వండి.

యూదులంటే ఎవరో తెలీదన్నారు కదా, ఆవిడకి ఇది చెప్పండి. మీ గుంటూరు జిల్లాలోనే చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదులున్నారు. తమను బెనె ఎఫ్రాయిం, అంటే ఎఫ్రాయిం సంతానం, అని చెప్పుకుంటారు, 1991 నుంచి అక్కడ వాళ్లకు ఒక సినగాగ్ ఉంది. కొచ్చిలో 1568లో కట్టిన పరదేశి సినగాగ్ ఇప్పటికీ నిలిచే ఉంది. కొంకణ తీరంలో బెనె ఇజ్రాయెల్ అనే యూదులు నూనె గానుగలు ఆడించి బతికేవాళ్లు, శనివారం మాత్రం గానుగ ఆపేసేవాళ్లు. ఊళ్లోవాళ్లు అందుకే వాళ్లను శనివారపు తేలీలు, అంటే శనివారపు గానుగలవాళ్లు, అని పిలిచేవారు. మీరు వెళ్లే గదిలో ఈ సంగతులు తెలిసినవాళ్లు ఉండకపోవచ్చు. మీ ఊరి పక్కన షబ్బాత్ జరుగుతుందని మీరు చెప్తే కుతూహలంగా వింటారు.

ఆ ఎఫ్రాయిం పేరు మీకు శుక్రవారాల్లో మళ్లీ వినబడుతుంది. సాయంత్రం భోజనానికి ముందు తల్లిదండ్రులు పిల్లల తల మీద చేతులుంచి దీవిస్తారు. బైబిల్ కథల్లోని పేర్లు చెప్పి, మగపిల్లలను ఎఫ్రాయిం, మనష్షేల వలె ఉండమని, ఆడపిల్లలను శారా, రిబ్కా, రాహేలు, లేయాల వలె ఉండమని అంటారు. తర్వాత మూడు చిన్న వాక్యాల దీవెన: దేవుడు నిన్ను కాపాడాలి, తన ముఖకాంతి నీ మీద ప్రసరించాలి, నీకు శాంతి కలగాలి అని సారాంశం. బైబిల్ సంఖ్యాకాండంలో ఆరో అధ్యాయంలో ఉంది. 1979లో జెరూసలేంలో ఒక పాత సమాధి తవ్వుతుంటే, వేలెడంత కూడా లేని వెండి రేకుల చుట్టలు రెండు దొరికాయి. విప్పి చూస్తే ఈ దీవెన మాటలే చెక్కి ఉన్నాయి. రెండువేల ఐదువందల ఏళ్లకు పైబడినవి అవి, ఎవరో తాయెత్తులాగా ఒంటి మీద ధరించి ఉంటారని పండితుల అభిప్రాయం. ఇవాళ్టికీ ఇంటింటా పిల్లల తల మీద చెయ్యి పెట్టి అవే మాటలంటున్నారు. నాకు షబ్బాత్‌లో అన్నిటికన్నా ఇష్టమైంది ఇదే. కొన్ని బృందాల్లో ప్రార్థన శాలువాను పందిరిలా పట్టుకుని పిల్లలందరినీ దాని కింద కూర్చోబెట్టి ఈ దీవెన పాడతారు. మీ పాపను కూడా కూర్చోబెట్టమంటారు. నేనైతే కూర్చోబెడతాను. మీ అత్తగారికి మనసొప్పకపోతే ఆ రెండు నిమిషాలూ పాపను ఎత్తుకుని పక్కన నిలబడండి, ఎవరూ ఏమీ అనుకోరు. మిగతా మంత్రాలకూ అంతే. మీరు ఆమెన్ అనక్కర్లేదు, చేతులు జోడించక్కర్లేదు, నిశ్శబ్దంగా కూర్చుంటే మర్యాదే. పాటలు పాడాలనిపిస్తే పాడండి. మగవాళ్లు కొందరు పరాయి ఆడవాళ్లతో చేతులు కలపరు. మీరు చెయ్యి చాపకుండా నమస్కారం పెడితే ఇద్దరికీ ఇబ్బంది ఉండదు.

మన శ్లోకం రాని పిల్లకి వాళ్ల ప్రార్థనలెందుకన్న మాట మీకు కాస్త గుచ్చుకున్నట్టుంది. పది నెలల పిల్ల ఏ మతపు పాటైనా రాగంగానే వింటుంది, దానికి గందరగోళం ఏమీ ఉండదు. ఆ మాట వెనక మీ అత్తగారికి ఒక దిగులుంది, తను వెళ్లిపోయాక ఇంట్లో మనవి ఏమైనా మిగులుతాయా అని. దానికి మీరివ్వగల జవాబు శుక్రవారం సాయంత్రమే ఉంది. మనిళ్లల్లోనూ శుక్రవారం తలంట్లు, సంధ్యవేళ లక్ష్మీదేవికి దీపం ఉన్నాయి కదా. పొద్దున అక్కడికి వెళ్లి రండి, సాయంత్రం మీ అత్తగారి చేత పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని దీపం పెట్టించండి, ఆవిడకి వచ్చిన పాటలు ఫోన్‌లో రికార్డు చేసి ఉంచుకోండి. ఆవిడ వెళ్లాక మీరు కొనసాగించండి. ఇక్కడ ఒక జాగ్రత్త. అక్కడికి వెళ్లి "మాదీ ఇదే, మేమూ శుక్రవారం దీపం పెడతాం, రెండూ ఒకటే" అనకండి. ప్రేమతో అనే మాటే అయినా అది నిజం కాదు. మన దీపం దేవతను ఇంట్లోకి పిలిచేది, ఆ తర్వాత వంటా పనీ మామూలే. వాళ్ల దీపంతో పనులన్నీ ఆగిపోతాయి. ఒక రోజంతా ఏదీ తయారు చేయకుండా, ఏదీ కొనకుండా, ఉన్నదానితో తృప్తిగా ఉండటం దాని ఉద్దేశం. ఆ తేడా తెలుసుకోవడానికే కదా అంత దూరం వెళ్లడం. వాళ్లది ఎందుకలాగో అడగండి, మీది ఎలాగో అడిగితే చెప్పండి.

తిండి దగ్గర గట్టిగానే ఉండండి. ఆ జడ రొట్టెను ఖల్లా అంటారు, అందులో మామూలుగా గుడ్డు వేస్తారు, పైన మెరుపు కోసం కూడా గుడ్డే రాస్తారు. గుడ్డు లేనిది నీటి ఖల్లా అని దొరుకుతుంది, కొన్ని బేకరీల్లో చేస్తారు. మీ స్నేహితురాలికి ముందే చెప్పండి. పాపకు ఇప్పటిదాకా గుడ్డు తగల్లేదంటే ఈ సంగతి మరీ అవసరం, మొదటిసారి అక్కడ పెట్టకండి. కోషర్ అంటే వాళ్ల ఆహార నియమాల ప్రకారం ఉన్నదని, అలా రాసి ఉంటే శాకాహారం అనుకోకండి. ప్యాకెట్ మీద పరెవ్ అని ఉంటే మాంసం, పాలు లేవని మాత్రమే అర్థం, అందులో గుడ్డు ఉండొచ్చు, చేప కూడా ఉండొచ్చు. శరదృతువులో వాళ్ల కొత్త సంవత్సరానికి ఆపిల్ ముక్కలు తేనెలో ముంచి పంచుతారు. ఏడాది నిండని పిల్లలకు తేనె నాకించకూడదని మీ డాక్టరు చెప్పే ఉంటారు. ఒకవేళ పళ్లెంలో ద్రాక్షపళ్లు పెడితే పాపకు అందకుండా చూసుకోండి, గుండ్రటి పండు గొంతుకు అడ్డం పడుతుంది. ద్రాక్షరసంలో మద్యం ఉండదు, ఆ బెంగ వద్దు.

పులిహోర సంగతి. అందులో పల్లీలుంటాయి, పిల్లల గదుల్లో చాలా చోట్ల గింజలు నిషేధం. అదొక్కటే కాదు, కోషర్ పాటించేవాళ్లు మన వంటింట్లో వండింది తినలేరు. మనం శాకాహారులమైనా సరే. గిన్నెలూ, పొయ్యీ, దినుసులూ అన్నీ వాళ్ల నియమం ప్రకారం ఉండాలి. ఇంట్లో చేసింది తీసుకెళ్తే తినలేక, కాదనలేక వాళ్లు ఇరుకున పడతారు. కోయని అరటిపళ్లు, కమలాలు తీసుకెళ్లండి. లేదా వలయంలో యూ అక్షరం ముద్ర ఉన్న బిస్కెట్ ప్యాకెట్ విప్పకుండా ఇవ్వండి. మొదటిసారికి ఉత్త చేతులతో వెళ్లినా తప్పు లేదమ్మా, నిజంగా.

లాకెట్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. స్వస్తిక్ మనకు గడప మీద, వినాయకుడి పీట మీద, కొత్త లెక్కల పుస్తకం మొదటి పేజీ మీద ఉండే శుభచిహ్నం. మీ అమ్మగారు మనవరాలి క్షేమం కోరి చేయించారు. దానికి మీరు సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కానీ 1920లో నాజీలు ఆ ఆకారాన్ని తమ పార్టీ గుర్తుగా తీసుకున్నారు. ఆ జెండా కింద అరవై లక్షల మంది యూదులను చంపారు. అందులో సుమారు పదిహేను లక్షల మంది పిల్లలు. ఆ గదిలో బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఒక తల్లికి, ఒక అమ్మమ్మకి అందులో తన మేనత్తో, తాతో ఉండి ఉండొచ్చు. 2008లో జెరూసలేంలో హిందూ, యూదు మతపెద్దలు కలిసి కూర్చుని స్వస్తిక్ హిందువులకు అనాదిగా శుభచిహ్నమని, నాజీల వాడకంతో దానికి సంబంధం లేదని ప్రకటించారు. మంచి పనే, కానీ ఒక పసిపాప మెడలో అది హఠాత్తుగా కనబడ్డప్పుడు గుండె ఝల్లుమనడాన్ని ఆ ప్రకటన ఆపలేదు. అక్కడికి వెళ్లే గంటసేపు తీసి ఉంచండి. డైపర్ బ్యాగ్ మీద, చీర అంచులో, పాప గౌను మీద కూడా ఓసారి చూసుకోండి. స్నేహం కాస్త ముదిరాక, ఆవిడ మీ ఇంటికి వచ్చేముందు, "మా గుమ్మం మీదా పూజగదిలో ఈ గుర్తు ఉంటుంది, మాకు దాని అర్థం ఇది" అని మీరే చెప్పండి. ఇంట్లోది మాత్రం తీసేయకండి. పాప బుగ్గన దిష్టిచుక్క పెట్టుకెళ్లండి, ఫరవాలేదు. దిష్టి భయం వాళ్ల అమ్మమ్మలకూ ఉంది, ఎర్రదారం కట్టేవాళ్లు, అరచెయ్యి ఆకారం బిళ్ల వేసేవాళ్లు కనబడతారు.

గుమ్మం దగ్గర కాపలావాళ్లు ఉంటే కంగారు పడకండి. 2018 అక్టోబరు 27న, శనివారం పొద్దున, పిట్స్‌బర్గ్‌లో సినగాగ్‌లోకి ఒకడు తుపాకీతో దూరి పదకొండు మందిని చంపాడు. అప్పటినుంచి చాలా చోట్ల తలుపులు తాళం వేసి ఉంచుతారు, బ్యాగులు చూస్తారు, ముందే పేరు ఇచ్చినవాళ్లనే లోపలికి పంపుతారు. అందుకని మీ పేరూ, అత్తగారి పేరూ ముందే ఇవ్వండి, గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకోండి. లోపల పిల్లల ఫొటోలు అడగకుండా తియ్యకండి, వాట్సాప్ స్టేటస్‌లో అసలే పెట్టకండి. ఇజ్రాయెల్ రాజకీయాల మీద మీకో, మీవారికో గట్టి అభిప్రాయాలుంటే ఉండనివ్వండి, పాలసీసా పట్టుకుని కూర్చున్న తల్లిని దానికి జవాబు చెప్పమనడం మాత్రం అన్యాయం.

శుక్రవారం మధ్యాహ్నం తర్వాత మీ స్నేహితురాలికి ఫోన్ చేయకండి. చలికాలంలో నాలుగున్నరకే పొద్దు కుంకుతుంది, అప్పటికి వంటా, స్నానాలూ, ఇల్లు సర్దడం అన్నీ అయిపోవాలి, ఊపిరి తీసుకునే తీరిక ఉండదు. మీ మెసేజ్‌కి శనివారం రాత్రిదాకా జవాబు రాకపోతే కోపమనుకోకండి. కొన్నాళ్లకు శుక్రవారం రాత్రి భోజనానికి పిలిస్తే సూర్యాస్తమయానికి ముందే చేరుకోండి, వాళ్లింట్లో ఏ లైటూ వేయకండి, ఆర్పకండి, బాత్రూమ్‌లోది కూడా. నొక్కితే వెలుగుతూ పాటలు పాడే బొమ్మలు ఇంట్లో వదిలేసి వెళ్లండి. శనివారం పొద్దున వాళ్లు స్ట్రోలర్ తోసుకుంటూ వెళ్లడం చూస్తారు. బయట ఏదైనా మోయడం, తోయడం కూడా ఆ రోజు నిషేధమే. కరెంటు స్తంభాల మీదుగా తీగలు లాగి ఊరి చుట్టూ ఒక హద్దు కట్టుకుని, దాన్నంతా ఒకే ఇంటి ఆవరణగా లెక్కపెట్టుకుంటారు. హైలాండ్ పార్క్, ఎడిసన్ చుట్టుపక్కల అలాంటిది ఉంది. అది లేని ఊళ్లో చంటిపిల్లల తల్లులు ఆ రోజంతా గడప దాటలేకపోయేవాళ్లు.

ఆఖరుగా, ఆవిడ బాబును తీసుకుని మీ ఇంటికి వచ్చే రోజు కూడా వస్తుంది. మీ అత్తగారికి ముందే చెప్పి ఉంచండి. మనింటికి వచ్చిన మనిషి ఏమీ తినకుండా వెళ్తే మనకు ప్రాణం ఒప్పదు, ఒక్క ముద్ద అంటూ పళ్లెం ముందుకు తోస్తాం. ఆవిడతో అలా చేయకండి. కోయని పళ్లు బుట్టలో పెట్టండి, మూత తియ్యని నీళ్ల సీసా ఇవ్వండి. పాలు కలపని టీ కాగితం కప్పులో ఇస్తే కొందరు తాగుతారు, కొందరు తాగరు, అడిగి ఇవ్వండి. బాబుకు కావలసింది ఆవిడే డబ్బాలో తెచ్చుకుంటుంది, దానికి మీ స్పూను కూడా ఇవ్వబోకండి.